ఉద్వాసన తర్వాత మిగిలేది

వినాయక చవితి పూజ అయ్యాక ఉద్వాసన చెబుతారు. అక్షతలు వేసి, పీఠం మీద విగ్రహాన్ని కాస్త కదుపుతారు. ప్రాణప్రతిష్ఠ చేసి పిలిచిన దేవుణ్ణి మర్యాదగా సాగనంపడం అది. శాస్త్రం ప్రకారం ఆయన అక్కడితో వెళ్ళిపోయాడు. మరి ఆ తర్వాత మనం నీళ్ళ దాకా మోసుకుపోయేది ఎవర్ని?

బజారులో బొమ్మ కొన్నన్నాళ్ళూ నాకీ ప్రశ్న రాలేదు. నా చేత్తో చేసిన బొమ్మ పీఠమెక్కిన ఏడాది వచ్చింది. వచ్చినప్పటి నుంచీ వదల్లేదు. నాకు తోచిన జవాబు పెద్దలు కొందరికి నచ్చకపోవచ్చు. అయినా నేను నమ్మి చెబుతున్న మాట ఇది.

మాది నూజివీడు దగ్గర, ఆగిరిపల్లి వైపు ఒక పల్లె. 2022 దాకా కృష్ణా జిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లా. జిల్లా ఏదైనా మా వైపు ఇద్దరు కలిస్తే ముందు మాట్లాడుకునేది మామిడి కాపు గురించే. నాన్న తోటలు గుత్తకు తీసుకుంటారు. ఎక్కువ బంగినపల్లి, కొంత కలెక్టర్, గట్ల వెంట చిన్నరసం, పెద్దరసం చెట్లు. నేను డిగ్రీ చదువుతున్నాను. సంస్కృతం మార్కుల కోసం కాకుండా ఇష్టపడి తీసుకున్నాను. ఆదివారాలు నూజివీడు వెళ్ళి ఒక మాస్టారి దగ్గర బొమ్మలు నేర్చుకుంటాను. ఆయన హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఇంటి వసారాలోనే క్లాసు. ఆయనకో నియమం ఉంది. ఏ పని పూర్తి చేసినా దాని గురించి ఒక పేజీ రాసివ్వాలి. బాగా వచ్చిందనో రాలేదనో రాస్తే ఒప్పుకోరు. "ఇది లోకంలో ఎందుకుండాలో రాయి" అంటారు. నా వినాయకుడి మీద రాయడం మొదలుపెట్టిన ఆ పేజీ పెరిగి పెరిగి ఇంతయింది.

శ్రావణంలో మాస్టారు మట్టి పని మొదలుపెట్టించారు. మా తోటలవి ఎర్ర నేలలు. అందులో ఇసుక పాలు ఎక్కువ. మామిడి వేరుకు అది హాయి. బొమ్మకు మాత్రం పనికిరాదు, ముద్ద చేసి వంచితే విరిగిపోతుంది. బొమ్మకు చెరువు అడుగున పేరుకున్న ఒండ్రు కావాలి. ఎండాకాలంలో చెరువు ఇంకినప్పుడు తవ్వి తెచ్చుకున్న గడ్డల్ని ఎండబెట్టి, దంచి, జల్లించి, నానబెట్టాం. తేరిన నీళ్ళు వంపేసి అడుగు మట్టిని గోనెపట్టా మీద ఆరబోశాం. చేతికి అంటుకోకుండా, వంచితే పగలకుండా ఉండే పదును వచ్చాక సన్నగా తుంచిన దూది పింజలు చల్లి మర్దించాం. దూది వేస్తే ఆరేటప్పుడు బీటలు తగ్గుతాయి. మర్దించడం చపాతీ పిండి కలిపినంత తేలికేం కాదు. మణికట్ల దగ్గర నొప్పి పుడుతుంది. లోపల ఒక్క గాలి బుడగ మిగిలినా మాస్టారు ముద్దను దారంతో రెండుగా కోసి చూపించి మళ్ళీ మొదలుపెట్టమనేవారు.

వినాయకుడి బొమ్మలో కష్టమంతా తొండం దగ్గరే. పొట్ట దానంతటదే నిలబడుతుంది. తొండం గాలిలోకి వస్తుంది కాబట్టి దాని బరువు దాని మొదటినే లాగుతుంది. చీపురు పుల్ల లోపల పెట్టి, రెండు అంచుల్నీ సూదితో గీతలు గీసి, జారుగా కలిపిన మట్టి గుజ్జు రాసి, అదిమి పట్టుకుని కూర్చోవాలి. గీతలు పెట్టకపోతే తడిగా ఉన్నంతసేపూ అతుక్కున్నట్టే ఉండి ఆరాక ఊడిపోతుంది. తొండాన్ని పొట్టకు ఆనించి ఎడమకు తిప్పాను. చెవులు పలచగా చేసి తమలపాకు మందానికి తేవాలని చూశాను. ఎడమ చెవి వెనక అదిమిన చోట నా బొటనవేలి ముద్ర పడింది. గీతలతో సహా దిగింది. తడి గుడ్డతో తుడవబోతే మాస్టారు ఆపారు. "ఉండనీ అమ్మా. ఎవరు చేశారో దానికి తెలియాలిగా" అన్నారు.

ఇంటికి తెచ్చుకుని పాదాలకు గోళ్ళు చెక్కుతుంటే తమ్ముడు పక్కన కూర్చుని చూస్తున్నాడు. "ఎలాగూ నీళ్ళలో వేసేదేగా అక్కా, ఆ గోళ్ళెందుకు?" అన్నాడు.

వాడు వెటకారానికి అనలేదు. నిజంగానే అడిగాడు. ఈ మాట మన మధ్య ఎంత చెల్లుబాటులో ఉందో అప్పుడు గమనించాను. బొమ్మల అంగడిలో బేరమాడేవాళ్ళు అదే అంటారు, వంకర కిరీటాన్ని అంటగట్టే అమ్మకందారూ అదే అంటాడు. ఎలాగూ పోయేదే. పోయేదానికి శ్రద్ధ దండగ. ఈ మాటను ఒప్పుకుంటే చాలా ఒప్పుకోవాలి. మా నాయనమ్మ రోజూ తెల్లవారుజామున వాకిట్లో వేసే ముగ్గు మధ్యాహ్నానికి చెరిగిపోతుంది. ఆమె ఒక్క చుక్క తప్పినా మొత్తం చెరిపి మళ్ళీ పెడుతుంది.

తరువాతి ఆదివారం మాస్టారు ఇంకో ప్రశ్న వేశారు. "కాలుస్తావా, పచ్చిగా ఉంచుతావా?" ఆయనకు తెలిసిన కుమ్మరి ఒకాయన ఆవంలో చోటిస్తానన్నాడట. పచ్చి మట్టి ఎంత ఎండినా నీళ్ళు తగిలితే మళ్ళీ బురదే. 600 డిగ్రీల వేడి తగిలిందంటే మాత్రం మట్టి రేణువుల లోపల బంధించి ఉన్న నీరు కూడా పోతుంది. ఆ తర్వాత అది ఇక ఎన్నటికీ మట్టి ముద్ద కాదు. అందుకే కాల్చిన కుండ పెంకులు వేల ఏళ్ళ తర్వాత కూడా తవ్వకాల్లో అలాగే బయటపడుతున్నాయి. కాలిస్తే నా బొమ్మ అలమారలో నా తర్వాత కూడా ఉంటుంది. పచ్చిగా ఉంచితే పూజకు పనికొస్తుంది, కరిగిపోతుంది.

అది నేను అప్పటివరకూ చేసిన వాటిలోకల్లా మంచి బొమ్మ. ఉంచుకోవాలని ఎంత ఉందో దాచుకోను. ఆ వారమంతా ఈ రెంటి మధ్యే కొట్టుకున్నాను. అప్పుడే కాలేజీలో చదువుకున్న రెండు పాఠాలు నా ముందు ఎదురెదురుగా నిలబడ్డాయి.

మొదటిది ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయం. శ్వేతకేతువు పన్నెండేళ్ళ వయసులో గురుకులానికి వెళ్ళి ఇరవై నాలుగేళ్ళకు తిరిగొస్తాడు. అన్నీ చదివేశానన్న గర్వంతో వస్తాడు. తండ్రి ఉద్దాలకుడు కొడుకు ముఖం చూసి, దేన్ని తెలుసుకుంటే తెలియనిదంతా తెలుస్తుందో దాన్ని అడిగావా అంటాడు. అడగలేదు. అప్పుడు చెప్పే మొదటి దృష్టాంతమే మట్టి. ఒక్క మట్టి ముద్దను తెలుసుకుంటే మట్టితో చేసినవన్నీ తెలిసినట్టే. కుండ, మూకుడు, చట్టి అనేవి మాట వరసకు పెట్టుకున్న పేర్లు. సత్యమైనది మట్టే. ఆ తర్వాత బంగారంతో, ఇనుముతో ఇదే మాట చెబుతాడు.

ఎంతో గొప్ప మాట. కానీ చేతులకు ఇంకా మట్టి అంటుకుని ఉండగా చదివితే మింగుడుపడదు. మట్టి ఒక్కటే సత్యమైతే చెరువు అడుగున గడ్డగా ఉన్నప్పుడూ, గోనెపట్టా మీద ఆరినప్పుడూ, తొండం తిరిగినప్పుడూ తేడా ఏమీ లేదనాలి. మరి నేను చేసిందేమిటి? తమ్ముడు అడిగింది కూడా తెలియకుండానే ఈ వాదమే. ఉపనిషత్తు నుంచి అంగడి దాకా ఈ మాట ఎలా దిగజారిందో తెలియదు గానీ దిగజారింది. రూపం పేరుకు మాత్రమే కదా, ఎలా ఉంటే ఏం అనేదాకా వచ్చింది.

రెండోది తర్కసంగ్రహం. అన్నంభట్టు తెలుగువాడు, పదిహేడో శతాబ్దపు పండితుడు. పిల్లలకు సుఖంగా బోధపడాలనే రాస్తున్నానని తనే మొదట్లో చెప్పుకున్నాడు. దేశమంతటా తర్కశాస్త్రం మొదలుపెట్టే విద్యార్థికి ఇప్పటికీ ఈ చిన్న పుస్తకమే చేతికిస్తారు. లోకంలో ఉన్నదంతా ఏడు పదార్థాల్లో ఇముడుతుందంటాడు. ద్రవ్యం, గుణం, కర్మ, సామాన్యం, విశేషం, సమవాయం, చివరిది అభావం. లేకపోవడం కూడా ఒక పదార్థమే. మా సంస్కృతం మేడం ఈ ఏడోదాని దగ్గర ఆగి, నల్లబల్ల మీద కుండ బొమ్మ వేసి, చెరిపేసి, "ఇప్పుడు ఏం కనిపిస్తోంది?" అని అడిగారు. బల్ల కనిపిస్తోందన్నాం. "బల్ల ముందు కూడా ఉందిగా. ఇప్పుడు కుండ లేకపోవడం కనిపిస్తోంది" అన్నారు.

అభావం నాలుగు రకాలు. అందులో రెండు నాకు పనికొచ్చాయి. వస్తువు పుట్టకముందు ఉండే లేమి ప్రాగభావం. దానికి మొదలు లేదు, చివర ఉంది. వస్తువు నశించాక ఉండే లేమి ప్రధ్వంసాభావం. దానికి మొదలు ఉంది, చివర లేదు. ప్రాగభావం ఆ వస్తువు దేనితో తయారవుతుందో అందులోనే ఉంటుందట. అంటే మట్టిలోనే ఉంటుంది. మట్టి ముద్దను చూసి ఇందులోంచి బొమ్మ రాబోతోంది అని మనకు అనిపించేది దాన్నిబట్టే.

ఈ రెండు వాక్యాల్నీ నా బొమ్మ పక్కన పెట్టి చూసుకున్నాను. ఈ వినాయకుడు, ఎడమకు తిరిగిన ఈ తొండం, చెవి వెనక ఈ వేలి ముద్ర ఉన్న ఈ ఒక్క బొమ్మ, సృష్టి మొదటి నుంచీ లేదు. ఆదే లేని కాలం నుంచి లేదు. అంత పొడవైన లేమికి మాస్టారి వసారాలో ఒక ఆదివారం మధ్యాహ్నం ముగింపు పడింది. నీళ్ళలో వేసిన క్షణాన ఇంకో లేమి మొదలవుతుంది. దానికి ఎప్పటికీ ముగింపు లేదు. అదే మట్టితో, అదే చేతులతో, అదే కొలతలతో మళ్ళీ చేస్తే వచ్చేది ఇంకో బొమ్మ. ఇది మాత్రం తిరిగి రాదు.

ఇది చదివి నాకు భయం వేసింది. ఆ తర్వాత ధైర్యమూ వచ్చింది. నా పని నిజమని ఒప్పుకున్న శాస్త్రం ఒకటి దొరికింది. అంతేకాదు, పోవడాన్ని కూడా నిజమని ఒప్పుకుంది. ఏమీ పోలేదులే అని ఊరడించలేదు.

తోటలో పుట్టిన దాన్ని కాబట్టి ఈ సంగతి నాకు మామిడి చెట్ల మధ్య ఇంకా బాగా అర్థమైంది. బంగినపల్లి టెంక నాటితే బంగినపల్లి రాదు. మన దేశపు మామిళ్ళలో ఎక్కువ రకాల టెంకలో ఒక్కటే మొలక ఉంటుంది, అది తల్లి చెట్టు పోలికలతో రావాలని లేదు. పుల్లగా రావచ్చు, పీచుతో రావచ్చు. అందుకే అంటు కడతారు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ పండు ఎన్ని లక్షల చెట్లకు కాస్తున్నా అంటు మీద అంటుగా ఒకే చెట్టు కొనసాగుతున్నట్టే. టెంక మొక్క అలా కాదు. దాని రుచి దానిదే. మా గట్టు మీద అలాంటిది ఒకటి ఉండేది. కాయ చిన్నది, తొడిమ దగ్గర మాత్రం చెప్పలేని ఒక కమ్మదనం. ఎవరూ అంటు కట్టలేదు. ఒక గాలివానకు కూలిపోయింది. మామిడి కొరత వచ్చిందా అంటే రాలేదు. కానీ ఆ రుచి ఇక ఈ భూమ్మీద లేదు. నాన్న ఇప్పటికీ ఆ గట్టు మీద నడిచేటప్పుడు అక్కడ ఒక్క క్షణం ఆగుతారు. అచ్చులో పోసి తీసే బొమ్మ అంటు మొక్క, చేత్తో చేసిన బొమ్మ టెంక మొక్క. చెట్టయినా మట్టే, నేలలోంచి వచ్చిందే అని నాన్నతో చెప్పి చూడండి.

ఆ వారంలోనే మాస్టారు మమ్మల్ని రాజమండ్రి తీసుకెళ్ళి దామెర్ల రామారావు చిత్రాలు చూపించారు. 1897లో పుట్టిన మనిషి. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన చేతిలోని విద్యను గుర్తించి, ప్రోత్సహించి, బొంబాయి జె.జె. స్కూల్‌కు పంపడానికి సాయపడ్డాడు. రామారావు తిరిగొచ్చి 1923లో రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టి పిల్లలకు నేర్పడం మొదలుపెట్టాడు. 1925లో మశూచికం వచ్చి పోయాడు. ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. ఆ చిత్రాల ముందు నిలబడి నలభయ్యేళ్ళకు ఈయన ఏం వేసి ఉండేవాడో అనుకున్నాను. తర్కం ఇక్కడ మరీ నిర్దాక్షిణ్యం. ప్రాగభావం అంటే ఒకనాటికి తీరిపోయేది, రాబోయే వస్తువుకు మాత్రమే ఉండేది. ఎన్నడూ రాని చిత్రాలకు ఆపాటి "ఇంకా రాలేదు" కూడా లేదు. అవి ఊరికే లేవు, అంతే. వేసిన చిత్రాలు గోడమీద భద్రంగా ఉన్నాయి, వేయాల్సినవాడు లేడు. నా బొమ్మను ఉంచుకోవాలా వద్దా అన్న ఆరాటంలో ఉన్న నాకు ఇది గట్టిగా తగిలింది. ఉంచుకోవడం కన్నా చేయడం ముఖ్యమని ఆ గదిలోనే తేల్చుకున్నాను. బొమ్మను పచ్చిగానే ఉంచమని మాస్టారికి చెప్పాను.

రాతిలో చెక్కితే మాత్రం నిలిచే పూచీ ఏముంది? అమరావతి స్తూపం చుట్టూ మన శిల్పులు చెక్కిన సున్నపురాయి పలకల్ని 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి మెకంజీ వచ్చి చూసేనాటికే తవ్వి తీసుకుపోవడం మొదలైంది. ఎన్నో పలకల్ని సున్నం కోసం బట్టీల్లో కాల్చేశారు. మిగిలినవాటిలో ఎక్కువ భాగం చెన్నైలోనూ లండన్‌లోనూ ఉన్నాయి. ఆ తొలి శిల్పాల్లో ఒక చిత్రమైన పని చేశారు. బుద్ధుడి రూపం ఎక్కడా ఉండదు. ఖాళీ సింహాసనం, పాదముద్రలు, బోధివృక్షం మాత్రమే ఉంటాయి. చుట్టూ జనం చేతులు జోడించి వంగి ఉంటారు. లేకపోవడాన్ని కూడా కంటితో చూడవచ్చని తార్కికులు ఎంత వాదించి నిరూపించారో తెలియాలంటే గ్రంథాలు తిరగేయాలి. అమరావతి శిల్పి ఒక్క ఉలితో చూపించాడు.

చవితి వచ్చింది. పాలవెల్లి కట్టి వెలక్కాయలూ మొక్కజొన్న పొత్తులూ వేలాడదీశాం. బొమ్మకు రంగు వేయలేదు. కళ్ళకు గురివింద గింజలు అద్దాను. పత్రి కోయడానికి తమ్ముడితో కలిసి తోటంతా తిరిగాను. ఇరవై ఒక్క పత్రాల్లో చూతపత్రం మామిడాకే. మా ఇంట్లో మిగతావి వెతుక్కోవాలి గానీ దానికి లోటు లేదు. పూజలో నాన్న కథ చదివారు. చిన్నప్పటి నుంచీ విన్న కథే. ఈసారి దాన్ని బొమ్మలు చేసే మనిషిగా విన్నాను. పార్వతీదేవి నలుగు పిండితో బాలుణ్ణి చేసి ప్రాణం పోసి వాకిట కాపలా ఉంచింది. శివుడు తల నరికాడు. అప్పుడు ఆవిడ నలుగు పిండి ఎక్కడికీ పోలేదు కదా అనుకోలేదు. ఇంకొకణ్ణి చేసుకుంటానులే అని కూడా అనలేదు. నా బిడ్డ నాకు కావాలని ఏడ్చింది. జగన్మాత తన చేత్తో చేసిన రూపం కోసం ఏడ్చిందంటే ఆ రూపం ఉత్త పేరు కాదు. ఉద్దాలకుడి మాటను నేను కాదనడం లేదు. ఆయన ఎదురుగా ఉన్నది గర్వంతో వచ్చిన కుర్రవాడు. వాడి గర్వం దించడానికి ఆ మాట కావాలి. చేసేవాళ్ళ చేతికి మాత్రం పార్వతి దుఃఖమే పాఠం.

ఉద్వాసన అయింది. నాన్న విగ్రహాన్ని కదిపారు. నేను మొదట అడిగిన ప్రశ్న ఆ క్షణాన వచ్చిందే. దేవుడు మా వసారాలోంచే వెళ్ళిపోయాడు. పళ్ళెంలో మిగిలింది ఆయన కాదు. అలాగని చెరువులోంచి తవ్వి తెచ్చిన నాటి మట్టి గడ్డా కాదు. నా బొమ్మ. అచ్చంగా నాది. పూజ ఉన్నంతసేపూ అది దేవుడిది కాబట్టి నాకు దానిమీద హక్కు లేదు. ఉద్వాసన తర్వాత అది నాకు తిరిగి వచ్చింది. నిమజ్జనంలో మనం నీటికి ఇచ్చేది దేవుణ్ణి కాదు, మన చేతి పనిని. దేవుడికి వెళ్ళడం వచ్చు, మనం తోయనక్కర్లేదు. మనకు రానిది ఇవ్వడం. అది నేర్పడానికే ఉద్వాసనను ముందు పెట్టి నిమజ్జనాన్ని తర్వాత పెట్టారని నాకు గట్టిగా అనిపిస్తోంది.

బోరు దగ్గర తొట్టిలో నీళ్ళు నింపి అందులో దించాను. బాగా ఎండిన పచ్చి మట్టి తడి మట్టికన్నా త్వరగా కరుగుతుంది. నీరు లోపలికి చొరబడుతుంటే చిన్న బుడగలు వరసగా పైకి వచ్చాయి. ముందు చెవుల అంచులు పొరలు పొరలుగా విడిపోయాయి. వేలి ముద్ర ఉన్న చోటు కాసేపు నిలిచింది. తర్వాత అదీ జారింది. తొండం అతుకు దగ్గర ఊడలేదు. అతుకుతో సహా కరిగింది. మాస్టారు చూసుంటే సంతోషించేవారు. పొట్ట చివరిదాకా ఉండి, ఒక పక్కకు ఒరిగి, కుప్పగా కూలింది. చీపురు పుల్ల, దూది, రెండు ఎర్ర గింజలు మిగిలాయి. వాటిని ఏరేసి, బురద నీళ్ళు కొత్తగా నాటిన అంటు మొక్కల పాదుల్లో పోశాం. తమ్ముడు ఏమీ మాట్లాడలేదు. పాదాలు కరిగేటప్పుడు మాత్రం వంగి గోళ్ళు చూశాడు.

నాకు దుఃఖం కలిగింది. కలగాలి కూడా. అది అజ్ఞానమని నేను అనుకోను. పోయినదానికి విలువ ఉందనడానికి మన దగ్గరున్న ఒకే సాక్ష్యం అది. నిర్లక్ష్యంగా చేసిన బొమ్మను నీళ్ళలో వేసేవాడికి పోయేదేమీ లేదు, అంటే అతను ఇచ్చిందీ ఏమీ లేదు. చేయగలిగినంత బాగా చేసి, తన చేతిలోంచి వదిలినవాడు మాత్రం నిజంగా ఇచ్చాడు. గోళ్ళు ఎందుకు చెక్కాలో ఇంతకన్నా నేను చెప్పలేను. ఫలాపేక్ష లేకుండా పని చేయమని గీత చెప్పిందని అందరం అంటాం. అది పనిని తేలిక చేసుకోవడానికి ఇచ్చిన సెలవు కాదు. పనిమీద పెట్టే శ్రద్ధలో వీసమెత్తు తగ్గించమని ఆ బోధలో ఎక్కడా లేదు.

పేజీ చదివి మాస్టారు కాగితం చివర ఒక టిక్కు పెట్టి, "నాయనమ్మ ముగ్గు గురించి ఇంకొంచెం రాయాల్సింది" అన్నారు. నాయనమ్మను అడిగితే, "ముగ్గు గురించి రాసేదేముందే, వేసేదే గానీ" అంది.

ఇక నిమజ్జనం చేసే మీ అందరికీ ఒక మనవి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మ కొనకండి. జిప్సం రాయిని దాదాపు 150 డిగ్రీల దాకా కాల్చి పొడి చేస్తే వచ్చేది ఆ ప్లాస్టర్. నీళ్ళు కలపగానే మళ్ళీ జిప్సంగా గట్టిపడుతుంది. ఒకసారి గట్టిపడ్డాక మట్టిలా కరగదు. చెరువులో వేసిన బొమ్మ నెలల తరబడి చెయ్యి ఒకచోట, కిరీటం ఒకచోట పడి ఉంటుంది. దానిమీది రంగులు నీళ్ళలోకి దిగుతాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లోనే ఇలాంటి విగ్రహాలు వద్దని మార్గదర్శకాలు ఇచ్చింది. నిబంధన సంగతి అలా ఉంచినా, కరగనిదాన్ని నీళ్ళలో పారేయడం నిమజ్జనం ఎలా అవుతుంది? అది చెత్త వేయడమే.

ఈ చవితికి వారం ముందే దోసెడు చెరువు మట్టి తెచ్చుకోండి. రాళ్ళు ఏరి, రాత్రి నానబెట్టి, చిటికెడు దూది కలిపి, ఇంట్లో పిల్లల చేతికివ్వండి. వంకరగా వస్తే రానివ్వండి, కానీ వాళ్ళకు చేతనైనంత బాగా చేయమనండి. తొండం అతికే ముందు రెండు వైపులా గీతలు పెట్టించడం మరిచిపోకండి. నీడలో ఆరనివ్వండి. రంగు కావాలంటే పసుపు, కుంకుమ చాలు.